ముందు హాలు చూడండి, ఆ తర్వాతే పెట్టె

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా వారూ నేనూ ఇద్దరం ఉద్యోగస్తులం. పెద్దబాబు బరంపురంలో ఇంజినీరింగు చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు. చిన్నవాడు వచ్చే ఏడు మెట్రిక్ రాస్తాడు. పెద్దవాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టినదానికి మేమూ కొంత కలిపితే 90 వేలు అవుతుంది. దాంతో చిన్న సైజు గేమింగ్ కంప్యూటరు కొని హాల్లో పెట్టుకుందామంటున్నాడు. టీవీ 43 అంగుళాలది. దాని కింద అద్దాల తలుపుల షోకేసు ఉంది, అందులో సరిగ్గా పడుతుందట. ఇన్వర్టరు తట్టుకోదని మా వారు అంటున్నారు. సాయంత్రాలు మాకు ఓల్టేజీ బాగా పడిపోతుంది. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా అత్తగారికి సీరియళ్ళు. చిన్నవాడి చదువు ఏమైపోతుందోనని నాకు టెన్షన్. కొనమంటారా? కొంటే హాల్లో పెట్టాలా, పిల్లల గదిలోనా? దీని బదులు ప్లేస్టేషన్ లాంటిది చాలదా? టీవీ పాడవుతుందా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? అత్తగారు కూడా ఒక ప్రశ్న అడగమన్నారు. ఆ పెట్టెలో మా పాత పెళ్ళి ఫొటోలు, ఊరి ఫొటోలు చూసుకోవచ్చా?

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు:

అమ్మా, కొనండి. హాల్లోనే పెట్టండి. కానీ ఆ షోకేసులో పెట్టకండి, ఇప్పుడున్న ప్లగ్గుకు తగిలించకండి.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మీ అబ్బాయి పెట్టెను బాగానే చూసుకున్నాడని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. పెట్టె వచ్చి కూర్చునే ఇంటిని మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు. గోడలో ఎర్త్ ఉందా, షోకేసులో గాలి ఆడుతుందా, టీవీ ముందు ఎవరెవరు ఎప్పుడు కూర్చుంటారు? ఇవి తేలితే ఏ కంప్యూటరు కొనాలన్నది సగం దానంతటదే తేలిపోతుంది.

ఎర్త్ సంగతి మీరు అడగలేదు. అయినా దాంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా ఇంట్లో నష్టం జరిగింది అక్కడే. బరంపురంలో మేం ఉంటున్నది పాత ఇల్లు. హాల్లో మూడు కన్నాల సాకెట్టు ఉంది కాబట్టి ఎర్త్ ఉన్నట్టేనని అనుకున్నాం. కంప్యూటరు ఇనప డబ్బా మీద చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమనేవి. వానాకాలం, చెమ్మ అనుకుని ఊరుకున్నాం. ఒకరోజు టీవీ ఆన్‌లో ఉండగానే, కంప్యూటరు బొమ్మను టీవీకి చేర్చే హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే చిన్న మెరుపు మెరిసింది, టీవీలో ఆ పోర్టు పోయింది. తర్వాత సాకెట్టు విప్పి చూస్తే పై కన్నానికి వెనక అసలు తీగే లేదు. ఇల్లు వైరింగు చేసినవారు పెట్టనే లేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, కంప్యూటరు లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లైలో కరెంటు రొదను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి ఒక కొస డబ్బాకే కలిపి ఉంటుంది. అవి వదిలే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక డబ్బా మొత్తం సుమారు 115 ఓల్టుల దగ్గర, అంటే మన ఇంటి ఓల్టేజీలో సగం దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణానికి ముప్పు రాకపోవచ్చు. కానీ అవతల టీవీకి కేబుల్ తీగ ఉంటుంది, దాని ద్వారా టీవీ భూమికి కలిసి ఉండొచ్చు. రెండింటి మధ్య ఉన్న ఆ తేడా అంతా హెచ్‌డీఎంఐ తీగ గుచ్చిన క్షణంలో ఆ సన్నని పిన్నుల మీదుగా దూకుతుంది. టీవీ పాడవుతుందా అని అడిగారు కదా, పాడయ్యే అసలు దారి ఇదే. గేములు ఆడితే టీవీ అరిగిపోదు. మీది మామూలు ఎల్‌ఈడీ టీవీయే అయ్యుంటుంది, బొమ్మ అచ్చుపడిపోతుందన్న భయం ఓఎల్‌ఈడీ రకానికే.

కాబట్టి ముందుగా తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ లాంపు పెడితే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వెలిగినంత వెలుగూ రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే రెండు మూడు ఓల్టులకు మించకూడదు. ఎర్త్ గుంత ఉంటే వేసవిలో వారానికోసారి నీళ్ళు పొయ్యమనండి. ఆ 90 వేలలో పది, పన్నెండు వేలు ఈ పనికీ, కింద చెప్పబోయే యూపీఎస్‌కూ, అంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటరును కాసేపు నిలబెట్టే బ్యాటరీ పెట్టెకూ, పక్కన పెట్టేయండి. పెద్దబాబుకు కొంచెం కష్టంగా ఉంటుంది, ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగుతుంది. పర్వాలేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

మీ వారు ఇన్వర్టరు గురించి అన్నమాట సగం నిజం. లెక్క చూద్దాం. మీ బడ్జెట్టులో వచ్చే కంప్యూటరు ఆట నడుస్తున్నప్పుడు 250 వాట్ల వరకు తీసుకుంటుంది. టీవీతో కలిపితే 350. ఫ్యాన్లు రెండు, లైట్లు కూడా కలిపితే 550 దాకా పోతుంది. మామూలు 900 వీఏ ఇన్వర్టరు మోయగలదు. కానీ 150 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటల్లో చేతులెత్తేస్తుంది, రాత్రి అత్తగారికి ఫ్యాను ఉండదు. అసలు చిక్కు ఇంకొకటి. ఇన్వర్టరు వెనక యూపీఎస్ అనీ ఎకో అనీ చిన్న స్విచ్చు ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే సమయం ఎక్కువ, కంప్యూటరు ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. అందుకని పిల్లలు దాన్ని యూపీఎస్ వైపు తోస్తారు. ఆ వైపు ఉంటే ఓల్టేజీ 180 కంటే కింద పడగానే ఇన్వర్టరు కరెంటు పోయిందనుకుని బ్యాటరీకి మారిపోతుంది. మీకు సాయంత్రాలు ఓల్టేజీ పడిపోతుందని రాశారు. అంటే కరెంటు ఉన్నా సాయంత్రమంతా బ్యాటరీ మీదే నడుస్తుంది, రెండేళ్ళలో బ్యాటరీ మార్చుకోవాల్సి వస్తుంది.

విచిత్రమేమిటంటే, మంచి రకం కంప్యూటరు పవర్ సప్లైకి తక్కువ ఓల్టేజీతో అసలు పేచీ లేదు. దాని మీద 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉంటే 160లో కూడా హాయిగా నడుస్తుంది. కొనేటప్పుడు ఆ అంకెలు చూసి కొనమనండి. కాబట్టి కంప్యూటరును ఇన్వర్టరు లైను మీద పెట్టకండి. మామూలు లైను మీద పెట్టి, దానికి మాత్రం విడిగా 1000 వీఏ యూపీఎస్ ఒకటి తీసుకోండి. ఇంటి కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం అయితే మంచిది. మెట్లు మెట్లుగా వచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు మీద కొత్త పవర్ సప్లైలు కొన్ని మొండికేస్తాయి. యూపీఎస్ ఉన్నది కరెంటు పోయినప్పుడు ఆటను సేవ్ చేసుకుని ఆపుకోవడానికి. ఆ పది నిమిషాలు చాలు. కరెంటు లేనప్పుడు ఆట ఉండదు అన్న నియమం ఇంట్లో ముందే పెట్టేస్తే తర్వాత గొడవ ఉండదు.

బిల్లు గురించి అంత బెంగ అక్కరలేదు. టీవీతో కలిపి 350 వాట్లు, రోజుకు రెండు గంటలు అంటే నెలకు 21 యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకున్నా 126 రూపాయలు. మీ బిల్లు మీద ఉన్న స్లాబు రేటుతో గుణించుకుంటే సరిగ్గా తేలుతుంది.

ఇక షోకేసు. కంప్యూటరు తీసుకున్న 250 వాట్లూ చివరికి వేడిగానే బయటికి వస్తాయి, ఒక్క వాటు కూడా ఎక్కడికీ పోదు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. దానిలో పావు వంతు వేడిని అద్దాల అలమరలో పెట్టి, తలుపు మూసి, రెండు గంటలు వదిలేయడం లాంటిది ఇది. పర్లాకిమిడిలో వైశాఖం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గదే కుతకుతలాడుతుంటే ఆ అలమరలో పెట్టె తను వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. లోపలి చిప్పులు తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి, ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఆట నత్తనడక నడుస్తుంది. అద్దం తలుపులు ఊడదీసినా వెనక పలక అలాగే ఉంటే లాభం లేదు. పెట్టెను షోకేసు పైన, టీవీకి పక్కన పెట్టండి. చుట్టూ జానెడు ఖాళీ, పైన ఏమీ లేకుండా. దాని మీద క్రోషియా గుడ్డ కప్పొద్దు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, మన ఇళ్ళలో కప్పకుండా ఉండలేం.

ఇక్కడే ఏ పెట్టె అన్న ప్రశ్న వస్తుంది. చిన్న కంప్యూటర్లకు వాడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ బిగించే పలక, 17 సెంటీమీటర్ల చదరం. దాని చుట్టూ కట్టిన డబ్బాలను లీటర్లలో కొలుస్తారు. కుర్రాళ్ళు ఐదు లీటర్ల డబ్బా చూసి మురిసిపోతారు, అంత చిన్నదాంట్లో అంత శక్తి ఇమడటం నిజంగానే ముచ్చటగా ఉంటుంది. కానీ చిన్న డబ్బాలో చిన్న ఫ్యాన్లే పడతాయి. చిన్న ఫ్యాను అంతే గాలి తోయాలంటే వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే గోల. మీ అత్తగారు కూర్చునే హాల్లో ఆ గోల కుదరదు. 12 నుంచి 18 లీటర్ల డబ్బా తీసుకోమనండి. అందులో 120 మిల్లీమీటర్ల ఫ్యాను పడుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది, పక్కన కూర్చుంటే తప్ప వినబడదు. చూడటానికి అది పెద్ద స్టీలు డబ్బా అంత ఉంటుంది. హాల్లో అడ్డం కాదు.

గ్రాఫిక్స్ కార్డు మెట్టు దిగినా పర్వాలేదని అన్నాను. మీ టీవీ ఫోర్‌కే అయితే దాని తెర మీద 3840 అడ్డం, 2160 నిలువు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలు. ఫోర్‌కేలో ఆడాలంటే కార్డు నాలుగింతలు గీయాలి, ఖరీదు అక్కడే పెరుగుతుంది. కానీ 43 అంగుళాల టీవీని అయిదున్నర అడుగుల కంటే దూరం నుంచి చూస్తే, మామూలు చూపున్న కంటికి ఫుల్ హెచ్‌డీ చుక్కలు విడివిడిగా కనబడవు. మీ సోఫా టీవీకి ఎంత దూరమో టేపు పెట్టి కొలవమనండి. ఏడెనిమిది అడుగులుంటే ఫోర్‌కే కోసం కట్టే డబ్బు చాలావరకు కళ్ళకు అందని చుక్కల కోసమే. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, లేదా 145 వాట్ల 5060 స్థాయి కార్డు మీ హాలుకు సరిపోతుంది. తక్కువ కరెంటు తాగేది తక్కువ వేడి కక్కుతుంది, అప్పుడు చిన్న డబ్బా నిజంగా చిన్నగానే ఉండగలదు. డబ్బాలో కార్డు పొడవు పడుతుందో లేదో కొనక ముందే కొలతలు చూసుకోవాలి. కంప్యూటరు పని చేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ, అంటే ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి అక్కడ కోత పెట్టాలనిపిస్తుంది. 16 జీబీ కంటే తగ్గొద్దు.

ఇంకొక చిట్కా పెద్దబాబుకు చెప్పండి. మీ టీవీ సెకనుకు 60 బొమ్మలు చూపించేదే అయ్యుంటుంది. కంప్యూటరు సెకనుకు 140 గీసినా తెర మీదికి వచ్చేవి 60. మిగతావన్నీ వేడి, గోల, కరెంటు. ఆటలో ఫ్రేముల, అంటే ఆ బొమ్మల, పరిమితి 60 అని పెడితే కార్డు సగం పనే చేస్తుంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతో మా హాల్లో ఫ్యాను చప్పుడు వినబడటం మానేసింది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం కూడా మరవొద్దని చెప్పండి. లేకపోతే బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ ఆలస్యం చేసి, బటన్ నొక్కిన తర్వాత కాసేపటికి గాని బొమ్మ కదలదు. హెచ్‌డీఎంఐ తీగను గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే గుచ్చాలి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు. వేలు పోసి కార్డు కొని, తీగ పక్క కన్నంలో గుచ్చి, ఆట నడవడం లేదని తల పట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. వైర్‌లెస్ కీబోర్డు మధ్యమధ్యలో మొరాయిస్తే దాని చిన్న రిసీవరును పెట్టె వెనక నుంచి తీసి పొడిగింపు తీగతో ముందుకు తేవాలి. పక్కనే ఉన్న యూఎస్‌బీ 3 పోర్టులు ఆ తరంగాలకు అడ్డొస్తాయి. సోఫాలో కూర్చుని కీబోర్డు, మౌసు వాడటానికి ప్రత్యేకమైన బల్లలు అమ్ముతారు. వంటింట్లో వెడల్పాటి పీట ఉంటే అదే చాలు.

ప్లేస్టేషన్ చాలదా అంటే, ఆటలకు మాత్రమే అయితే చాలు. ఇంకా సులువు కూడా. ఖరీదు తక్కువ, గొడవ తక్కువ, అత్తగారు కూడా ఆన్ చేయగలరు. కానీ కొత్త పెద్ద ఆట ఒక్కోటి నాలుగైదు వేలు ఉంటుంది, కొన్న ఆటల్ని నెట్‌లో స్నేహితులతో ఆడాలంటే చందా కట్టాలి. కంప్యూటరులో ఆ చందా లేదు, పండగ సేళ్ళలో ఆటలు చవగ్గా దొరుకుతాయి. పైగా పెద్దబాబు ఇంజినీరింగు చదువుతున్నాడు. సెలవుల్లో ప్రాజెక్టులు, ప్రోగ్రామింగు, రేపు చిన్నవాడి ఇంటర్ చదువు, అన్నీ దాని మీదే అవుతాయి. మీ ఇంటికి కంప్యూటరే మేలని నా అభిప్రాయం. వాల్వ్ కంపెనీ 2025 నవంబరులో స్టీమ్ మెషీన్ అనే చిన్న చదరపు పెట్టెను ప్రకటించింది, మీవాడు దాని పేరు ఎత్తవచ్చు. అది విండోస్ మీద కాక లైనక్స్ మీద నడుస్తుంది. వాలొరాంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆటలు లైనక్స్‌లో నడవవు. మన పిల్లలు స్నేహితులతో ఎక్కువగా ఆడేవి అలాంటివే. పైగా సర్వీసు ఎవరిస్తారన్నది ముందు చూసుకోవాలి. విడిభాగాలతో కట్టించిన పెట్టె అయితే పాడైన ముక్కనే మార్చుకోవచ్చు.

ఇప్పుడు మీ అసలు టెన్షన్ దగ్గరికి వస్తాను. హాలా, పిల్లల గదా?

హాలే. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మా పిల్లలు ఇద్దరికీ కంప్యూటరును ముందు వాళ్ళ గదిలోనే పెట్టాం. తలుపు వేసుకునేవారు. లోపల ఏం జరుగుతోందో, ఎన్ని గంటలైందో తెలిసేది కాదు. తలుపు కొట్టినప్పుడల్లా అది తగువుగానే ముగిసేది. తర్వాత దాన్ని హాల్లోకి తెచ్చాం. మొదటి వారం వాళ్ళకు ఇబ్బంది, మాకు ఇబ్బంది. నెల తిరిగేసరికి మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఆ కారు అటు తిప్పవేంరా అని అడగడం మొదలుపెట్టింది. నాకూ రెండో కంట్రోలరు ఇచ్చారు. వాళ్ళు ఏ ఆట ఆడుతున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో, ఆ మాటలు ఎలా ఉన్నాయో మేం నిఘా పెట్టకుండానే తెలిసేది. వాళ్ళకూ నిఘాలా అనిపించేది కాదు. మెట్రిక్ చదివే పిల్లవాడికి చేతిలో ఫోను, మూసిన తలుపు, అర్ధరాత్రి కంటే అందరి మధ్య ఆట ఎంతో మేలు. ఆట మొదలైంది అందరికీ కనబడుతుంది, ఆగింది కూడా కనబడుతుంది.

కానీ హాలు అత్తగారిది కూడా. ఆవిడ సమయం ఏడు నుంచి తొమ్మిదిన్నర, దాని జోలికి వెళ్ళొద్దు. ఫైనల్ మ్యాచ్ అన్నా, స్నేహితులు ఎదురుచూస్తున్నారన్నా మార్చొద్దు. ఒక్కసారి ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయిందంటే హాలు పిల్లలదైపోయినట్టే. చిన్నవాడికి ఐదున్నర నుంచి ఏడు దాకా ఇవ్వండి. పెద్దవాడు సెలవుల్లో వచ్చినప్పుడు తొమ్మిదిన్నర తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుకోవచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, కంట్రోలరుకు గుచ్చే తీగ హెడ్‌ఫోనే మంచిది.

ఇంట్లో నిజంగా తగువు పుట్టేది ఎక్కడో చెప్తాను. పిల్లలు ఆడి వెళ్ళిపోతారు. ఏడింటికి అత్తగారు టీవీ పెడితే నల్ల తెర మీద సిగ్నల్ లేదని వస్తుంది. కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డులు సాధారణంగా ప్లేస్టేషన్‌లాగా టీవీకి మాట చెప్పలేవు, కాబట్టి టీవీ దానంతటదే సెట్‌టాప్ బాక్సు వైపు మారదు. ఆవిడ టీవీ పాడైపోయిందనుకుంటారు. అందుకని ఆట ముగిసాక టీవీని సెట్‌టాప్ బాక్సు వైపు మార్చి వెళ్ళడం పిల్లల బాధ్యత. ఎప్పుడైనా మరిచిపోతారు కాబట్టి, రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటన్ మీద ఆవిడ బొట్టు స్టిక్కరు ఒకటి అంటించండి. అది నొక్కి మొదటిది ఎంచుకోవాలని రెండుసార్లు చూపిస్తే చాలు. మా అమ్మకు ఎనభై దాటాక ఇలాగే నేర్పాం.

చిన్నవాడి గంటల లెక్క నోటితో చెప్తూ ఉంటే రోజూ పోట్లాటే. కంప్యూటరు ఆటలు కొనుక్కునే స్టీమ్ అనే నెట్ దుకాణంలో 2024 నుంచి కుటుంబం పేరుతో ఆరుగురిని కలుపుకునే ఏర్పాటు ఉంది. పిల్లల ఖాతాకు రోజుకు ఎంతసేపు, ఏ గంటల్లో, ఏ ఆటలు అన్నది పెద్దవాళ్ళు నిర్ణయించవచ్చు. ఆ పెద్దవాళ్ళ ఖాతా మీ పేరు మీద ఉండాలి. పెద్దబాబు పేరు మీద పెడితే తమ్ముడు ఒక ఫోను చేసి గంట పెంచుకుంటాడు. అన్నదమ్ములు కదా, తప్పు పట్టలేం. స్టీమ్‌లో లేని ఆటలకు విండోస్‌లోనే ఉన్న ఫ్యామిలీ ఏర్పాటు పెట్టుకోండి. మెట్రిక్‌కు ముందు రెండు నెలలు పూర్తిగా ఆపాలా అంటే, వాడినే అడిగి వాడి చేతే ఒక అంకె చెప్పించండి. వాడు చెప్పిన అంకెను వాడి ముందే ఆ ఏర్పాటులో పెట్టండి.

మన వైపు ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం కాలబైశాఖి గాలివాన లేస్తే ఆకాశం ఉరిమే లోపే ప్లగ్గు తీసేయాలి. స్విచ్చు ఆపితే చాలదు. కేబుల్ టీవీ తీగ కూడా టీవీ నుంచి లాగేయాలి. పిడుగు చాలాసార్లు వచ్చేది స్తంభం మీద నుంచి వేలాడే ఆ తీగలోంచే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో మీరు చూసినవారే. తుపాను హెచ్చరిక వచ్చిందంటే పెట్టెను తీగలన్నీ విప్పి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తు మీద పెట్టండి. చిన్న పెట్టెకు ఉన్న పెద్ద సుగుణం అదే, రెండు చేతులతో ఎత్తేయొచ్చు. మూడు నెలలకోసారి బ్రష్షుతో దుమ్ము దులపాలి. బల్లులు, చీమలు వెచ్చదనానికి చేరతాయి, పవర్ సప్లైలో బల్లి పడితే మొత్తం పోతుంది. గాలి కన్నాలకు సన్న జాలీ ఉన్న డబ్బానే తీసుకోండి.

కొనుగోలుకు విశాఖ గానీ భువనేశ్వర్ గానీ వెళ్తారనుకుంటాను. ఏ ముక్కకు ఆ ముక్క సీరియల్ నంబరుతో విడిగా బిల్లు రాయించుకోండి, వారంటీ ముక్కలకు విడివిడిగా ఉంటుంది. అక్కడే బిగించి, ఒక గంట ఆట నడిపి చూపించమని అడగండి. తర్వాత గ్రాఫిక్స్ కార్డును ఊడదీయించి దాని అట్టపెట్టెలో విడిగా తెచ్చుకోండి. గుణుపురం పాసింజరులో ఆ కుదుపులకు బరువైన కార్డు తన స్లాటునే విరిచేయగలదు. ఇంటికి వచ్చాక పెద్దబాబే బిగించుకుంటాడు, ఆ మాత్రం వాడికి వచ్చే ఉంటుంది.

చివరగా మీ అత్తగారి ప్రశ్న. చూసుకోవచ్చమ్మా, ఎంతో బాగా చూసుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే. 4×6 అంగుళాల ఫొటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 3600×2400 చుక్కలు వస్తాయి, టీవీ తెర నిండా వచ్చేంత. పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో వారెవరైనా స్కాన్ చేసి ఇస్తారు. ఆల్బమ్ నుంచి ఫొటో ఊడి రాకపోతే లాగొద్దు, పేజీతో సహా స్కాన్ చేయించండి. ఇంట్లో ఫోనుతో తీసేటట్టయితే పగటి వెలుగులో, కిటికీకి పక్కగా, ఫ్లాష్ లేకుండా తీయాలి. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో ఉంచి, ఆ డిస్కును బీరువాలో పెట్టండి. ఊరి ఫొటోల్లో నౌపడా చిన్నరైలు ఉందేమో చూడండి. 1900లో మొదలైన ఆ నేరోగేజ్ బండి ఇప్పుడు లేదు, పట్టాలు బ్రాడ్‌గేజ్ అయిపోయాయి. అలాంటి ఫొటో ఉంటే దాన్నే ముందు స్కాన్ చేయించండి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫొటో టీవీ మీద వేస్తూ, అందులో ఎవరెవరున్నారో చిన్నవాడి చేత తెలుగులో టైపు చేయించండి. ఫొటోల వెనక పెన్సిలుతో ఏమైనా రాసి ఉంటే ఆ వెనక వైపు కూడా స్కాన్ చేయించండి.